నిరుటి వేపపువ్వు

ఢిల్లీలో ఉగాదికి వేపపువ్వు దొరకదు. ఈ మాట మా వైపు చెబితే ఎవరూ నమ్మరు. ఊరినిండా వేపచెట్లు పెట్టుకుని పువ్వు లేదంటావేమిటే అని నవ్వుతారు. చెట్లకేం కొదవ లేదు. మా మయూర్ విహార్‌లో రోడ్డుకి అటూ ఇటూ అవే. కానీ ఇక్కడి చలికి అవి ఆలస్యంగా నిద్రలేస్తాయి. పండగ నాటికి ఇంకా ముదురాకులు రాలుస్తూనో, అప్పుడే ఎర్రటి చిగుళ్లు తొడుగుతూనో ఉంటాయి. పువ్వు విచ్చేది ఏప్రిల్ సగం దాటాక, మనం పచ్చడి గిన్నె కడిగి బోర్లించుకున్న చాలా రోజులకి. కొత్తగా పెళ్లయి వచ్చిన ఏడు ఆ సంగతి తెలియక, పండగ పూట పొద్దున్నే సంచీ పట్టుకుని కాలనీ అంతా తిరిగి, ఖాళీ సంచీతో ఇంటికొచ్చి, కాకరకాయ ముక్కలు వేసి పచ్చడి చేశాను. మా ఆయన ఒక్క చెంచా తిని, బతికుండగా ఇది మళ్లీ చెయ్యకు అన్నారు.

అప్పటి నుంచి ఢిల్లీలో తెలుగువాళ్లు చేసే పనే నేనూ చేస్తున్నాను. వసంతం చివర్లో రాలిన పువ్వుని పట్టి, ఆరబెట్టి, సీసాకెత్తి, వచ్చే ఉగాది దాకా దాచడం. అంటే మేం ఇక్కడ ఏటా కొత్త సంవత్సరాన్ని నిరుటి చేదుతో మొదలుపెడతామన్నమాట. అలవాటైపోయింది.

మాది కింది అంతస్తు ఫ్లాటు. దోమలొచ్చినా, మురుగు పొంగినా ముందు మా ఇంటికే వస్తుంది. దానికి బదులు అన్నట్టు వెనకవైపు కాస్త మట్టి దక్కింది. నాలుగు మంచాలు వేస్తే నిండిపోయే జాగా. గోడకి అవతల పార్కులో వేపచెట్టు ఉంది, కొమ్మల్లో సగం మా వైపే వంగుతాయి. చెట్టు సర్కారుది, నీడా పువ్వూ మావి. ప్రతివాళ్లకీ వేపకాయంత వెర్రి ఉంటుందంటారు. నాది వేపపువ్వంతే గానీ, ఏడాదికోసారి గట్టిగా పూనుతుంది. పాత నేతచీరలు రెండు చెట్టు కింద పరిచి, మూలల్లో ఇటుకలు పెట్టి, రాలినదాన్ని రాలినట్టు పోగుచేస్తాను. మాకు తెలిసిన తెలుగిళ్లన్నిటికీ ఇక్కడి నుంచే పొట్లాలు వెళతాయి. పైఅంతస్తులో పంజాబీ ఆంటీ ఉంటారు. మొదట్లో ఇది ఏ రోగానికి మందు అని అడిగారు. మందు కాదు, మా కొత్త సంవత్సరం రోజు తింటాం అంటే, "నయే సాల్ పే కడ్వా?" అని నా వైపు జాలిగా చూశారు. కొత్త సంవత్సరం నాడు చేదు తినే మనుషుల్ని ఆవిడ చూడటం అదే మొదలు. ఇప్పుడు మాత్రం ఆవిడ బాల్కనీలో పడిన పువ్వుని కూడా చీపురుతో నెమ్మదిగా నా చీరల మీదికే ఊడుస్తారు.

ఇక మా ఆయన నాలుక సంగతి చెప్పాలి. ఆఫీసులో ఫైళ్లలో తప్పులు పట్టడం ఆయన ఉద్యోగం. ఇంటికొచ్చాక ఆ పని కంచంలో సాగేది. ఉప్పు రవ్వ తగ్గినా, పోపులో ఇంగువ మరిచినా, పెరుగు నిన్నటిదైనా, ముద్ద నోట్లో పడగానే తెలిసిపోయేది. తప్పుంటే చెప్పేవారు, బాగుంటే మాట్లాడేవారు కాదు. మాట్లాడకపోతే బాగుందని నేను అర్థం చేసుకోవాలి. పెళ్లయిన ముప్ఫై ఏళ్లలో ఆ నాలుక తప్పు చెప్పగా నేను చూడలేదు. ఉగాది పచ్చడిలో మాత్రం వేపపువ్వు కనబడితే చాలు, ఒక్కొక్కటీ ఏరి కంచం అంచున పెట్టేవారు. షడ్రుచుల్లో నాకు అయిదు చాల్లే అనేవారు. నేను ఏడాదంతా కాపాడిన పువ్వు అలా కంచం అంచుకి ఎక్కుతుంటే నాకు ఒళ్లు మండేది.

పోయిన చలికాలం ఆయన గొంతు బొంగురుపోయింది. ఢిల్లీ పొగలో ఎవరి గొంతు బాగుంటుంది కనక అని ఊరుకున్నాం. పొగ కాదు, గడ్డ అన్నారు డాక్టర్లు. ఫిబ్రవరిలో రేడియేషన్ మొదలైంది. గడ్డ లొంగుతుంది, దానికి భయం లేదు గానీ మనిషి చిక్కిపోకూడదు, ఎంత కష్టమైనా నోటితో తినాలి, తినకపోతే ముక్కులోంచి గొట్టం వెయ్యక తప్పదు అని చెప్పారు. ఆ మాటకి మా ఆయన నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. గడ్డ అన్నప్పుడు కూడా బెదరని మనిషి గొట్టం అనేసరికి బెదిరారు. ఆస్పత్రి వరండాలో గొట్టాలతో కూర్చున్నవాళ్లని రోజూ చూస్తున్నారు మరి. ఇంటికొచ్చాక నా చెయ్యి పట్టుకుని, అది మాత్రం వద్దు అన్నారు. సరేనన్నాను. ఆ రోజు నుంచి నాకు వేరే పని లేదు, ఆయన చేత తినిపించడమే.

మెత్తటి పప్పన్నం, సగ్గుబియ్యం జావ, నెయ్యి వేసి మెదిపిన గుమ్మడికాయ, ఏది చేసినా ఆయన బాగుంది అనేవారు. నా చెవులు నేనే నమ్మలేదు. మా పెళ్లయ్యాక నా వంటకి ఆ మాట రావడం అదే మొదలు. రోగం మనిషికి మంచితనం నేర్పిందనుకుని మురిసిపోయాను కూడా. నా మొహం! బాగుంది అంటూనే నాలుగు చెంచాలకి గిన్నె పక్కకి నెట్టేవారు. చొక్కా భుజాలు జారుతుండేవి.

ఉగాది వచ్చింది. రేడియేషన్‌కి పుళ్లు పడిన నోటికి పులుపూ కారం తగలకూడదు కదా. అందుకని కాసిని బెల్లం నీళ్లలో నిరుటి వేపపువ్వు ఇంత నలిపి, శాస్త్రానికి ఒక్క చెంచా ఆయన నోట్లో పోశాను. పువ్వు కంచం అంచుకి ఏరేసే వీలు లేకుండా చేశానని లోపల నాకు కాస్త నవ్వుగా కూడా ఉంది. ఆయన చప్పరించి మింగారు.

"బాగుంది. ఈసారి పువ్వు వెయ్యలేదు కదూ? మంచిపని చేశావు."

నేను నిర్ఘాంతపోయాను. వేశాను కదా. ఇంకేముంది, పువ్వు పాతబడి చేదు చచ్చిపోయిందనుకున్నాను. ఆయన నాలుక తప్పు చెబుతుందన్న అనుమానం ఎవరికొస్తుంది? నా నోట్లో ఒకటి వేసుకుని చూద్దామన్న ఆలోచన కూడా రాలేదు. సీసాడు పువ్వూ పట్టుకెళ్లి కరివేపాకు మొక్క మొదట్లో పారబోశాను. ఊరంతా పంచానే, అందరి పండగా పాడయిందే అని సిగ్గేసి, ఫరీదాబాద్‌లో ఉండే మా స్నేహితురాలికి ఫోను చేశాను. వాళ్లాయనా మా ఆయనా ఒకే ఆఫీసులో పనిచేశారు. నన్ను వదినా అని పిలుస్తుంది. ఈసారి పువ్వులో చేదు లేదు, ఏమీ అనుకోకు అన్నాను.

"అదేంటి వదినా? మా వాళ్లందరూ మొహాలు చిట్లించి ఉమ్మేశారు. నిరుటి కంటే చేదుగా ఉంటేనూ." మళ్లీ తనే నెమ్మదిగా అడిగింది. "అన్నయ్యగారికి నోటికి రుచి తెలుస్తోందా?"

ఫోను పెట్టేసి కరివేపాకు మొక్క దగ్గరికి వెళ్లి, మట్టిలోంచి నాలుగు పువ్వులు ఏరి, దులిపి నోట్లో వేసుకున్నాను. చెవుల దాకా ఎక్కింది చేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నాలుకది తప్పయితే నేను పువ్వుని తిట్టి పారబోశాను.

లోపలికి వెళ్లి ఆయన ఎదురుగా కూర్చున్నాను. "ఏవండీ, నిజం చెప్పండి. పొద్దున పప్పులో ఉప్పుందా?"

ఆయన మొహం గోడ వైపు తిప్పుకున్నారు. "తెలీదు. నెల పైనే అయింది. ఏది పెట్టినా మట్టి నమిలినట్టు ఉంటోంది. నువ్వు అంత అవస్థపడి చేస్తుంటే ఏం చెప్పమంటావు?"

నాకు ఏడుపు రావాలి, కోపం వచ్చింది. అన్నాళ్లూ విన్న బాగుందిలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. నన్ను ఊరడించడానికి ఒక మనిషి మట్టి తిన్నాడు. ఎందుకు దాచారని అరిచాను. అరిచి, మళ్లీ వంటింట్లోకి వెళ్లి జావ కలిపాను. ఇంకేం చెయ్యగలను?

రేడియేషన్‌కి రుచి పోవడం మామూలే, తిరిగొస్తుంది, కొందరికి తొందరగా, కొందరికి చాలా ఆలస్యంగా, ఎప్పుడన్నది చెప్పలేం అన్నారు డాక్టరు. మే చివర్లో మళ్లీ చూస్తాం, అప్పటికి బరువు ఇంకా తగ్గితే గొట్టమే అన్నారు. గుర్గావ్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఆదివారాలు వచ్చేది. నా తెలుగుకి హిందీలో జవాబిచ్చే పిల్ల. "పాపా కే సాథ్ జబర్దస్తీ మత్ కరో, అమ్మా" అని, నాన్నని బలవంతపెట్టొద్దని నన్ను కోప్పడి, ఆ తర్వాత వంటింట్లో నా వెనక నిలబడి ఏడ్చేది. దాన్ని ఓదార్చాక మళ్లీ గిన్నె పట్టుకుని ఆయన దగ్గరికే వెళ్లేదాన్ని.

ఇంట్లో మేం ఇలా ఉండగానే వెనక తోట లేచింది. దానికి మా కష్టంతో పనేముంది? జనవరి మంచుకి పుల్లలా మిగిలిన కరివేపాకు మొదలు నుంచీ చిగిర్చింది. నేను పారబోసిన వేపపువ్వు కూడా దానికి ఎరువైందేమో. చచ్చిందనుకుని పీకెయ్యబోయిన దొండపాదు ఒక వేలెడు తీగని పైకి పంపి, వారం తిరిగేలోగా వైరు పట్టుకుని కిటికీ దాకా పాకింది. బచ్చలి గోడెక్కింది. మా ఊరి నుంచి తెచ్చి చల్లిన గోంగూర గింజలు ఎర్రటి కాడలతో లేచాయి. గుండుమల్లి మొగ్గ తొడిగింది. సాయంత్రం తలుపు తీస్తే ఆ వాసన హాలులోకి వచ్చేది. మా ఆయనకి రుచి తెలియకపోయినా వాసన కాస్త తెలిసేది. మల్లె పూసిందా అని మంచం మీద నుంచే అడిగేవారు. అడిగినందుకే నాకు సంతోషంగా ఉండేది.

తెల్లవారగానే, ఎండ ఎక్కకముందు, ఆయన్ని తీసుకొచ్చి వేపకొమ్మ కింద కుర్చీలో కూర్చోబెట్టేదాన్ని. అక్కడ కూర్చుంటే చుట్టాలకి లోటుండదు. బొటనవేలంత తేనెపిట్ట, నల్లగా నీలంగా మెరుస్తూ, మందారంలో ముక్కు పెట్టి తేనె తాగి పోతుంది. బూడిదరంగు పిట్టలు ఒక గుంపుగా దిగి, కుండీల్లో మట్టంతా కాళ్లతో చిమ్మి, ఒకదాన్నొకటి తిట్టుకుంటూ వెళతాయి. ఇక్కడివాళ్లు వాటిని సాత్ భాయీ అంటారు, ఏడుగురు అన్నదమ్ములని. మధ్యాహ్నం ఉడుత వచ్చి కుళాయి దగ్గర నీళ్లు తాగుతుంది. కరివేపాకు మీద సీతాకోకచిలుక పురుగులు చేరాయి. చిన్నప్పుడు పిట్టరెట్టలా ఉండి, పెద్దయ్యాక ఆకుపచ్చగా నున్నగా అవుతాయే, అవి. వేరే ఏడైతే పుల్లతో తీసి గోడ అవతల పారేసేదాన్ని. ఈసారి మనసు రాలేదు. తిననీ, మన ఇంట్లో ఎవరో ఒకరు ఆకలిగా తింటున్నారు కదా అని వదిలేశాను. రెండు కొమ్మలు బోడి చేశాయి.

గుండుమల్లి పొదలో పిగిలిపిట్టలు గూడు కట్టిన సంగతి ముందు కనిపెట్టింది మా ఆయనే. నెత్తి మీద నల్లటి కుచ్చు, తోక కింద ఎరుపు ఉంటుందే, ఆ పిట్ట. గుడ్లు పొదిగి పిల్లలయ్యాక ఇక చూడాలి. తల్లో తండ్రో, ఏదో ఒకటి నిమిషానికోసారి పురుగుతో వచ్చేది. రావడమే ఆలస్యం, గూట్లోంచి మూడు ఎర్రటి నోళ్లు తెరుచుకునేవి. లోపల ఉన్నదంతా నోరే అన్నట్టు ఉండేది. ఆయన జావ గిన్నె ఒళ్లో పెట్టుకుని అది చూస్తూ ఉండిపోయేవారు. ఒక రోజు నాకు ఉక్రోషం వచ్చి, "అదిగో, అమ్మ వచ్చింది, మీరూ తెరవండి" అన్నాను. ఆయన నవ్వి నోరు తెరిచారు. ఇంకోసారి పిట్ట వచ్చింది, ఇంకో చెంచా పెట్టాను. అలా గిన్నె అడుగు కనబడింది. ఎన్నాళ్లకి ఖాళీ గిన్నె కడిగానో!

అప్పటి నుంచి అదే మా పద్ధతి. పిట్ట వస్తే చెంచా. పిట్ట ఆలస్యం చేస్తే ఇద్దరం దాని కోసం గోడ వైపు చూసేవాళ్లం. పైనుంచి పంజాబీ ఆంటీ ఇదంతా చూసి, ఆ పొద వైపు కాకి వస్తే బాల్కనీలోంచి పళ్లెం కొట్టి తరిమేవారు. ఆ పిట్ట రెండు సంసారాలు ఈదింది. ఏ జన్మలో ఏ రుణమో, ఇప్పటికీ పిగిలిపిట్ట కూస్తే నేను చేస్తున్న పని ఆపి వింటాను.

కానీ పిల్లలు ఎగిరిపోయే రోజు వస్తుంది కదా. ఒక పొద్దున కుర్చీ వేసేసరికి గూడు ఖాళీగా ఉంది. ఆయన చాలాసేపు ఆ పొద వైపే చూసి, గిన్నె నా చేతికిచ్చేశారు. వద్దన్నారు. మధ్యాహ్నమూ వద్దన్నారు. మర్నాడూ అంతే. పిట్ట లేదుగా, ఎందుకొచ్చిన ఆట అన్నారు. డాక్టరు రమ్మన్న రోజు దగ్గరపడింది. ఇంత దూరం ఈది ఒడ్డు దగ్గర మునిగిపోతామా అనిపించింది.

ఆ రోజుల్లోనే వేప నిండుగా పూసింది. ఈ ఏడు పువ్వు పట్టాలని నాకు మనసు లేదు, వచ్చే ఉగాది మాట ఎవరికి తెలుసు? కానీ పువ్వు రాలుతుంటే చేతులు ఊరుకోలేదు. నేతచీరలు పరిచాను. ఆయన్ని ఊరికే కూర్చోబెట్టకుండా, ఒక చేటలో పువ్వు పోసి ఒళ్లో పెట్టాను. పుల్లలూ ఆకులూ ఏరమన్నాను. తప్పులు ఏరడం ఆయనకి కొట్టినపిండి. ఏమీ తిననని మొండికేశారు గనక, కనీసం ఇదైనా తాగండని ఒక గ్లాసు పల్చటి మజ్జిగ చేతికిచ్చాను. తాగనూ లేదు, వద్దననూ లేదు, గోడ మీద పెట్టారు. నేను వీపు అటు తిప్పి చీర మీది పువ్వు ఎత్తుకుంటున్నాను. పైన కొమ్మ మీద ఉడుత పరిగెత్తింది కాబోలు, ఒక్కసారిగా మా ఇద్దరి మీదా జలజలా పువ్వు రాలింది. ఆయన తల దులుపుకున్న చప్పుడు వినబడింది. తర్వాత గ్లాసు తీసిన చప్పుడు. తర్వాత ఛీ అన్నారు.

నేను వెనక్కి తిరిగాను. ఆయన మొహం చిట్లించుకుని, నాలుక బయటపెట్టి వేలితో దేన్నో తీసుకుంటున్నారు.

"ఏమిటే ఇది? చేదుగా ఉంది."

చేతిలో పువ్వు అక్కడే వదిలేసి వెళ్లి, గ్లాసు లాక్కుని ఒక గుక్క తాగాను. మజ్జిగ మీద నిండా వేపపువ్వు తేలుతోంది. పంటి కింద ఒకటి పడింది. నిజమే, చేదు. ఎలా ఉందన్నారు, మళ్లీ చెప్పండి అని అడిగాను. ఆయనకి అప్పుడు తట్టింది. నా వైపు చూశారు. ఒళ్లో చేటలోంచి ఒక్క పువ్వు తీసి, ఏటా కంచం అంచుకి ఏరేసే ఆ పువ్వుని, తన చేత్తో తను నాలుక మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని నమిలారు.

"చేదే" అన్నారు నెమ్మదిగా.

నేను పరిచిన చీర మీద, పువ్వు మీదే కూలబడి ఏడ్చాను. చెట్టుకి దండం పెట్టాను, కనబడని ఉడుతకి దండం పెట్టాను, ఖాళీ గూటికీ పెట్టాను. ఏ దేవుడు విన్నాడో నాకు తెలియదు, అందరికీ పెట్టాను. పైన పంజాబీ ఆంటీ కంగారుగా, క్యా హువా భాభీజీ అని అడుగుతున్నారు. మా ఆయన నా చేతిలోంచి గ్లాసు తీసుకుని, పువ్వులతో సహా మిగిలిన మజ్జిగంతా గుక్క గుక్కగా తాగారు. తాగి, మూతి తుడుచుకుని, ఖాళీ గ్లాసు నా ముందుకి చాపారు.

"ఉప్పు వెయ్యలేదు."

నోటి పుళ్లకి మంట పుడుతుందని రెండు నెలలుగా వెయ్యడం మానేశాను. ఇంకో రోజైతే ఆ మాటకి నేనూ ఒక మాట అనేదాన్ని. ఆ రోజు మాత్రం కొంగుతో కళ్లు తుడుచుకుని, ఉప్పు డబ్బా తేవడానికి లేచాను.